పింక్-జడ్2 ఎఫ్‌పీజీఏ బోర్డ్ సెటప్: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి సెమిస్టర్ ప్రాజెక్టులు మొదలవగానే ఇవే సందేహాలు మళ్లీ వస్తాయి. అడిగేవాళ్లు మారతారు, ప్రశ్నలు మారవు. అందుకే మీరు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు రాసి, పక్కన జవాబులు పెట్టాను. మొదటి నుంచి చదవక్కర్లేదు. మీరు ఎక్కడ ఆగిపోయారో ఆ ప్రశ్నకి నేరుగా వెళ్లండి.

## కొనేముందు

ఎఫ్‌పీజీఏకీ మామూలు ప్రాసెసర్‌కీ తేడా ఏంటి?

ప్రాసెసర్‌లో సర్క్యూట్ ముందే తయారై ఉంటుంది. మీరు రాసిన ప్రోగ్రామ్ ఒక్కో ఆదేశంగా దాని గుండా వెళ్తుంది. ఎఫ్‌పీజీఏలో ఆ సర్క్యూట్ ఎలా ఉండాలో మీరే చెప్తారు. చిప్ లోపల లట్ అనే చిన్న చిన్న పట్టికలు వేలల్లో ఉంటాయి. ఏ ఇన్‌పుట్‌కి ఏ అవుట్‌పుట్ రావాలో వాటిలో నింపి, వాటి మధ్య తీగలు ఎలా కలవాలో చెప్పే ఫైలే బిట్‌స్ట్రీమ్. అది లోడ్ చేసిన క్షణం నుంచి ఆ చిప్ మీ లెక్క కోసమే పుట్టిన హార్డ్‌వేర్ అయిపోతుంది. 1985లో జైలింక్స్ తెచ్చిన మొదటి ఎఫ్‌పీజీఏ ఎక్స్‌సీ2064లో లాజిక్ బ్లాకులు 64 మాత్రమే. 2022 ఫిబ్రవరిలో జైలింక్స్ ఏఎండీలో కలిసింది కాబట్టి, పాత పుస్తకాల్లో జైలింక్స్ అని, కొత్త సైట్‌లో ఏఎండీ అని ఉంటే కంగారు పడకండి. రెండూ ఒకటే.

పింక్-జడ్2లో అసలు ఏమేం ఉన్నాయి?

ఇందులో చిప్ జింక్-7020. ఒకే చిప్‌లో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది ప్రాసెసర్ భాగం: 650 మెగాహెర్ట్జ్ ఆర్మ్ కార్టెక్స్-ఏ9 కోర్లు రెండు, వాటి మీద లైనక్స్ నడుస్తుంది. రెండోది ఎఫ్‌పీజీఏ భాగం: 53,200 లట్‌లు, 1,06,400 ఫ్లిప్‌ఫ్లాప్‌లు (ఒక్కో బిట్‌ని గుర్తుంచుకునేవి), 220 డీఎస్‌పీ బ్లాకులు (గుణకారాలు చేసేవి), 630 కేబీ బ్లాక్ ర్యామ్ (చిప్ లోపలి మెమరీ). బయట 512 ఎంబీ డీడీఆర్3 మెమరీ, ఈథర్నెట్, హెచ్‌డీఎంఐ ఇన్ ఒకటి, అవుట్ ఒకటి. పింక్ అనేది బోర్డ్ మీద నడిచే సాఫ్ట్‌వేర్ పేరు కూడా. దానివల్ల బ్రౌజర్‌లో జూపిటర్ నోట్‌బుక్ తెరిచి, పైథాన్ నుంచే ఎఫ్‌పీజీఏని నడిపించొచ్చు. నేర్చుకునేవాళ్లకి నేను ఈ బోర్డే చెప్పడానికి ముఖ్య కారణం ఇది.

జీపీయూ ఉండగా ఇదెందుకు?

పెద్ద పెద్ద మాట్రిక్స్‌లు గుత్తగా గుణించాలంటే జీపీయూనే మేలు. ఇక్కడ మొహమాటం అక్కర్లేదు. డేటా వచ్చింది వచ్చినట్టు, ప్రతిసారీ అంతే సమయంలో, తక్కువ కరెంటుతో జవాబు రావాలంటే ఎఫ్‌పీజీఏ. కెమెరా నుంచి పిక్సెళ్లు వస్తూ ఉండగానే లెక్క జరిగిపోవడం, సెన్సర్ సిగ్నల్ వడకట్టడం, కంప్రెషన్, ఎన్‌క్రిప్షన్ లాంటివి. మీ ప్రాజెక్ట్ ఈ రకంది కాకపోతే బోర్డ్ కొనే ముందు ఇంకోసారి ఆలోచించండి.

కేవీ260 ఇంకా పవర్‌ఫుల్ అంటున్నారు. అదే కొనమంటారా?

పవర్‌ఫుల్ మాట నిజమే. కేవీ260లో ఉండేది జింక్ అల్ట్రాస్కేల్ ప్లస్ చిప్, నాలుగు కార్టెక్స్-ఏ53 కోర్లు, 4 జీబీ మెమరీ. న్యూరల్ నెట్‌వర్క్‌లు, వీడియో మీదే పని అయితే అదే తీసుకోండి. ఎఫ్‌పీజీఏ మొదటిసారి ముట్టుకుంటుంటే మాత్రం జడ్2 చాలు. డిజైన్ చిన్నది కాబట్టి బిల్డ్ త్వరగా అవుతుంది, తప్పు చేసి దిద్దుకునే అవకాశం ఒక రోజులో ఎక్కువసార్లు దొరుకుతుంది.

బోర్డ్‌తో పాటు ఇంకేం కొనాలి?

16 జీబీ మంచి మైక్రో ఎస్‌డీ కార్డ్, కార్డ్ రీడర్, ఈథర్నెట్ కేబుల్, డేటా వెళ్లే మైక్రో యూఎస్‌బీ కేబుల్, 12 వోల్ట్‌ల అడాప్టర్. ల్యాప్‌టాప్‌కి ఈథర్నెట్ పోర్ట్ లేకపోతే యూఎస్‌బీ నుంచి ఈథర్నెట్‌కి మార్చే అడాప్టర్ కూడా కావాలి, ఎందుకంటే ఈ బోర్డ్‌లో వైఫై లేదు. పవర్ అడాప్టర్ 7 నుంచి 15 వోల్ట్‌ల మధ్య ఏదైనా పనిచేస్తుంది కానీ పిన్ మధ్యలో పాజిటివ్ ఉండాలి. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి. అడాప్టర్ మీద ఉండే చిన్న బొమ్మలో ప్లస్ గుర్తు మధ్యలో ఉందో లేదో షాపులోనే చూసుకోండి.

నాకు వెరిలాగ్ రాదు. అయినా మొదలుపెట్టొచ్చా?

పెట్టొచ్చు. వెరిలాగ్ అంటే సర్క్యూట్‌ని వర్ణించే భాష. అది రాకపోయినా, విటిస్ హెచ్ఎల్ఎస్ అనే టూల్‌లో సీ++ కోడ్ రాస్తే అదే సర్క్యూట్‌గా మారుస్తుంది. కాకపోతే క్లాక్ అంటే ఏంటి, రిజిస్టర్ అంటే ఏంటి, ఒకే క్లాక్‌లో ఎన్ని పనులు జరగగలవు అనే అవగాహన తప్పదు. రాసేది సీ++ అయినా తయారయ్యేది సర్క్యూట్ అని గుర్తుంటే చాలు, వెరిలాగ్ తర్వాతైనా నేర్చుకోవచ్చు.

## బోర్డ్ చేతికొచ్చాక

జంపర్లు ఎక్కడెక్కడ పెట్టాలి?

రెండే చూసుకోండి. జేపీ1 అనేది బూట్ జంపర్: దాన్ని ఎస్‌డీ అని రాసి ఉన్న చోట పెట్టాలి. జే9 అనేది పవర్ జంపర్: యూఎస్‌బీ కేబుల్ నుంచే కరెంటు ఇస్తుంటే యూఎస్‌బీ దగ్గర, అడాప్టర్ వాడుతుంటే రెగ్ అని ఉన్న దగ్గర. జంపర్ మార్చేటప్పుడు బోర్డ్ ఆఫ్‌లో ఉండాలి. వెబ్‌క్యామ్ లాంటివి తగిలించే ఆలోచన ఉంటే మొదటి నుంచీ అడాప్టరే వాడండి. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్ట్ అంత కరెంటు ఇవ్వలేక బోర్డ్ మధ్యలో రీస్టార్ట్ అవుతుంది, తప్పు మీ కోడ్‌లో ఉందనుకుని రోజంతా వెతుక్కుంటారు.

ఎస్‌డీ కార్డ్‌లోకి ఇమేజ్ ఫైల్ కాపీ చేశా. బూట్ అవ్వట్లేదేంటి?

కాపీ చేస్తే సరిపోదు, రాయాలి. డౌన్‌లోడ్ అయిన జిప్ ఫైల్ విప్పితే డాట్ ఐఎంజీ ఫైల్ వస్తుంది. దాన్ని బలేనా ఎచర్ లాంటి ప్రోగ్రామ్‌తో కార్డ్ మీద రాయించాలి. అప్పుడే బూట్ పార్టిషన్, లైనక్స్ పార్టిషన్ రెండూ ఏర్పడతాయి. ఇమేజ్ పింక్-జడ్2 కోసం ఇచ్చిందేనా అని కూడా చూడండి. పింక్-జడ్1కి వేరే ఇమేజ్ ఉంది, పేరులో ఒక్క అంకె తేడా.

ఆన్ చేశాక బూట్ అయిందో లేదో ఎలా తెలుస్తుంది?

లైట్లే చెప్తాయి. స్విచ్ వేయగానే ఎర్ర లైట్ వెలుగుతుంది, అంటే కరెంటు వస్తోంది. కొన్ని సెకన్లలో డన్ అనే లైట్ వెలుగుతుంది, అంటే చిప్‌లోకి బిట్‌స్ట్రీమ్ చేరింది. తర్వాత దాదాపు నిమిషం పాటు ఏమీ జరగనట్టే ఉంటుంది. అందరూ టెన్షన్ పడి స్విచ్ కట్టేసేది ఇక్కడే, దయచేసి ఆగండి. ఆ నిమిషం అయ్యాక రెండు నీలి లైట్లు, ఎల్‌డీ0 నుంచి ఎల్‌డీ3 వరకు ఉన్న నాలుగు చిన్న లైట్లు కలిసి మిణుకుమంటాయి. ఆ తర్వాత నీలివి ఆరిపోయి నాలుగు చిన్నవి వెలుగుతూ ఉండిపోతాయి. అప్పటికి లైనక్స్ సిద్ధం.

ఎర్ర లైట్ ఒక్కటే వెలుగుతోంది, డన్ లైట్ రావట్లేదు. బోర్డ్ కాలిపోయిందా?

దాదాపు ఎప్పుడూ కాదు. ముందు జేపీ1 జంపర్ ఎస్‌డీ దగ్గరుందో లేదో చూడండి. తర్వాత కార్డ్ తీసి మళ్లీ క్లిక్ మనేదాకా నొక్కండి. అప్పటికీ రాకపోతే ఇమేజ్ మళ్లీ రాయండి, వీలైతే వేరే కార్డ్ మీద. ఈ మూడింటితో తేలకపోతే సీరియల్ టెర్మినల్ తెరవండి: స్పీడ్ 115200, 8 బిట్లు, పారిటీ లేదు, స్టాప్ బిట్ ఒకటి. బూట్ ఎక్కడ ఆగిందో అక్షరాల్లో కనిపిస్తుంది. అక్కడ ఒక్క అక్షరం కూడా రాకపోతే సమస్య కార్డ్‌లోనో జంపర్‌లోనో ఉందని అర్థం.

లైట్లన్నీ వచ్చాయి కానీ బ్రౌజర్‌లో పేజీ తెరుచుకోవట్లేదు.

ల్యాప్‌టాప్‌కి నేరుగా కేబుల్ పెట్టారా, రౌటర్‌కి పెట్టారా అన్నదాన్ని బట్టి ఉంటుంది. నేరుగా పెడితే బోర్డ్ చిరునామా 192.168.2.99. మీ ల్యాప్‌టాప్ ఈథర్నెట్‌కి మీరే 192.168.2.1 అని, మాస్క్ 255.255.255.0 అని ఇవ్వాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. తర్వాత బ్రౌజర్‌లో 192.168.2.99:9090 కొట్టండి. రౌటర్‌కి పెడితే రౌటరే చిరునామా ఇస్తుంది. pynq అనే హోస్ట్‌నేమ్ పక్కన కోలన్, 9090 కొట్టి చూడండి, అది దొరక్కపోతే రౌటర్ పేజీలో బోర్డ్ చిరునామా వెతకండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ xilinx, అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో. కాలేజీ నెట్‌వర్క్‌లో కొత్త పరికరాలని ఆపేస్తే మాత్రం నేరుగా కేబుల్ పెట్టుకోవడమే హాయి.

బోర్డ్‌లో ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తుంటే సర్టిఫికెట్ ఎర్రర్ వస్తోంది.

బోర్డ్ తేదీ చూడండి. పవర్ తీసినా గడియారం నడపడానికి దీంట్లో బ్యాటరీ లేదు. నెట్ లేకుండా బూట్ అయితే తేదీ పాతదే ఉంటుంది. పాత తేదీతో వెళ్తే వెబ్‌సైట్ సర్టిఫికెట్ ఇంకా మొదలవ్వనట్టు కనిపించి ఎర్రర్ వస్తుంది. నెట్ ఇచ్చి కాసేపు ఆగండి, లేదా డేట్ కమాండ్‌తో మీరే సరిచేయండి. నెట్ ఇవ్వడానికి సులువైన దారి, విండోస్‌లో వైఫై కనెక్షన్‌ని ఈథర్నెట్‌కి షేర్ చేయడం. అలా చేసినప్పుడు ల్యాప్‌టాప్ ఈథర్నెట్ చిరునామా 192.168.137.1గా మారిపోతుంది, ఈథర్నెట్‌కి అంతకు ముందు మీరు ఇచ్చుకున్న చిరునామా పోతుంది. బోర్డ్ 192.168.137తో మొదలయ్యే కొత్త చిరునామా తీసుకుంటుంది, ఇకమీదట దాంతోనే బ్రౌజర్ తెరవాలి.

పని అయిపోగానే స్విచ్ కట్టేయొచ్చా?

వద్దు. లోపల నడుస్తున్నది పూర్తి లైనక్స్. కార్డ్ మీద రాస్తుండగా కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ పాడవుతుంది. టెర్మినల్‌లో షట్‌డౌన్ ఇచ్చి, కొన్ని సెకన్లు ఆగి, అప్పుడు స్విచ్ కట్టండి. నోట్‌బుక్‌లు వారానికోసారైనా ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోండి. సబ్మిషన్ ముందు రోజు కార్డ్ పోయి కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లల్ని చూశాను.

5 వోల్ట్‌ల సెన్సర్ నేరుగా కలపొచ్చా?

కలపకండి. చిప్ పిన్‌లు 3.3 వోల్ట్‌లవి. ఆర్డ్యూనో ఆకారంలో హెడర్ ఉంది కదా అని ఆర్డ్యూనోకి పెట్టినట్టు 5 వోల్ట్‌ల సిగ్నల్ పెడితే పిన్ శాశ్వతంగా పోవచ్చు. మధ్యలో 5 వోల్ట్‌లని 3.3కి మార్చే లెవెల్ షిఫ్టర్ పెట్టండి. ఇంకొకటి, రాస్‌ప్‌బెర్రీ పై హెడర్‌లోని 8 పిన్‌లు, పీమాడ్-ఏ అనే కనెక్టర్ పిన్‌లు ఒకటే. రెండు చోట్లా ఒకేసారి ఏదీ తగిలించకండి.

## కంప్యూటర్‌లో వివాడో

ఏ వెర్షన్ వివాడో వేసుకోవాలి?

వివాడో అంటే మీ డిజైన్‌ని బిట్‌స్ట్రీమ్‌గా మార్చే జైలింక్స్ సాఫ్ట్‌వేర్. మీ పింక్ ఇమేజ్ దాని ఏ వెర్షన్‌తో తయారైందో అదే వేసుకోండి. పింక్ 2.7కి వివాడో 2020.2, పింక్ 3.0కి వివాడో 2022.1. అన్నిటికన్నా కొత్తది మంచిదే కదా అనిపిస్తుంది కానీ, వెర్షన్లు కలవనప్పుడు వచ్చే ఎర్రర్లు ఎక్కడినుంచి వచ్చాయో తెలియదు. ఒక సీనియర్ ఇచ్చిన పాత ప్రాజెక్ట్ ఫైళ్లతో మొదలుపెడుతుంటే, అతను ఏ వెర్షన్ వాడాడో ముందు అడగండి.

డబ్బులు కట్టాలా? నా ల్యాప్‌టాప్ సరిపోతుందా?

జింక్-7020కి వివాడో ఉచిత స్టాండర్డ్ ఎడిషన్ చాలు. విండోస్ గానీ లైనక్స్ గానీ ఉండాలి, మ్యాక్‌లో నేరుగా నడవదు. 8 జీబీ ర్యామ్‌తో పని జరుగుతుంది, 16 ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. అసలు ఇబ్బంది డిస్క్ దగ్గరే. ఇన్‌స్టాలర్‌లో అన్ని చిప్‌లూ టిక్ చేసి ఉంటే చాలా చోటు తినేస్తుంది. ఎంచుకునే పేజీలో జింక్-7000 ఒక్కటి ఉంచి మిగతావి తీసేయండి. హాస్టల్ వైఫై మీద డౌన్‌లోడ్ పెట్టేవాళ్లకి ఈ ఒక్క పని ఒక రాత్రి మిగులుస్తుంది.

కొత్త ప్రాజెక్ట్‌లో బోర్డ్‌ల జాబితాలో పింక్-జడ్2 లేదు.

బోర్డ్ ఫైళ్లు విడిగా డౌన్‌లోడ్ చేసి, వివాడో ఫోల్డర్‌లో డేటా, దాని లోపల బోర్డ్స్, దాని లోపల బోర్డ్ ఫైల్స్ అనే చోట పెట్టి, వివాడో మూసి మళ్లీ తెరవాలి. ఆ ఫోల్డర్లు లేకపోతే మీరే సృష్టించండి. బోర్డ్ ఫైళ్లు లేకుండా చిప్ పేరు మాత్రమే ఎంచుకుని ముందుకెళ్లకండి. డీడీఆర్ మెమరీ సెట్టింగ్‌లు, క్లాక్‌లు అన్నీ బోర్డ్ ఫైలే నింపుతుంది, చేత్తో నింపితే ఎక్కడో ఒకచోట తప్పు పోతుంది.

కేబుల్ పెట్టినా హార్డ్‌వేర్ మేనేజర్‌కి బోర్డ్ కనిపించట్లేదు.

ముందు కేబుల్ మార్చండి. ఫోన్ ఛార్జర్లతో వచ్చే కొన్ని మైక్రో యూఎస్‌బీ కేబుళ్లలో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. బోర్డ్ ఎర్ర లైట్ వెలుగుతుంది, అంతా బాగానే ఉన్నట్టుంటుంది, కంప్యూటర్‌కి మాత్రం ఏమీ తెలియదు. నేను మొదట్లో ఈ కేబుల్ వల్లే డ్రైవర్లు మూడుసార్లు తీసి వేశాను. కేబుల్ మంచిదే అయితే, లైనక్స్‌లో వివాడోతో పాటు కేబుల్ డ్రైవర్లు వాటంతటవి పడవు. వివాడో ఫోల్డర్‌లోని ఇన్‌స్టాల్ డ్రైవర్స్ స్క్రిప్ట్‌ని సుడోతో విడిగా నడపాలి.

ఏం చేసినా అర్థంలేని ఎర్రర్‌తో బిల్డ్ ఆగిపోతోంది.

ఫోల్డర్ పేరు చూడండి. విండోస్ యూజర్ పేరు తెలుగులో పెట్టుకున్నా, పేరు మధ్యలో ఖాళీ ఉన్నా, ఫోల్డర్ లోపల ఫోల్డర్ అంటూ దారి 260 అక్షరాలు దాటినా వివాడో తడబడుతుంది. మన భాషలో పేరు పెట్టుకోవడం తప్పేం కాదు, ఈ పరికరానికే ఆ అలవాటు లేదు. సీ డ్రైవ్‌లో నేరుగా, చిన్న ఇంగ్లిష్ పేరుతో ఒక ఫోల్డర్ చేసుకుని ప్రాజెక్టులన్నీ అక్కడే పెట్టండి. వన్‌డ్రైవ్ సింక్ అయ్యే డెస్క్‌టాప్ మీద అసలే పెట్టొద్దు.

హెచ్ఎల్ఎస్ సింథసిస్ బాగానే అయింది, ఎక్స్‌పోర్ట్ దగ్గర ఫెయిల్ అవుతోంది.

2021.2 గానీ అంతకన్నా పాతది గానీ వాడుతున్నారు కదూ? ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు హెచ్ఎల్ఎస్ ఆ రోజు తేదీ, సమయం కలిపి రివిజన్ నంబర్‌గా వేస్తుంది. 2022 జనవరి 1 రాగానే ఆ నంబర్ 2201010000 దగ్గరికి వెళ్లింది. 32 బిట్ల సైన్డ్ నంబర్‌లో పట్టే అతి పెద్ద విలువ 2147483647. అక్కడ పగిలింది. దీనికి కంపెనీ ఇచ్చిన ప్యాచ్ ఉంది, వేసుకుంటే సరి. మీ కోడ్‌లో ఏ తప్పూ లేదు, నిశ్చింతగా ఉండండి.

## మొదటి సొంత డిజైన్

మొదటి ప్రాజెక్ట్‌గా ఏం చేయమంటారు?

3×3 గాసియన్ బ్లర్ చేయండి. చిన్నదే కానీ ఎఫ్‌పీజీఏ ఆలోచన మొత్తం అందులో ఉంది. ఒక్కో పిక్సెల్ చుట్టూ ఉన్న తొమ్మిదింటిని 1, 2, 1. 2, 4, 2. 1, 2, 1తో గుణించి కలిపి, 16తో భాగించాలి. ప్రాసెసర్‌కి అది తొమ్మిది గుణకారాలు. హార్డ్‌వేర్‌లో 2తో గుణించడమంటే బిట్లని ఒక స్థానం జరపడం, 4తో అయితే రెండు స్థానాలు, 16తో భాగించడమంటే వెనక్కి నాలుగు స్థానాలు. జరపడానికి సర్క్యూట్ అక్కర్లేదు, తీగని పక్క పిన్‌కి కలిపితే అయిపోయింది. డీఎస్‌పీ ఒక్కటీ ఖర్చవదు. కూడికలు మాత్రమే మిగులుతాయి.

ఇక మెమరీ. బొమ్మ 1920×1080 బూడిదరంగుది అనుకుందాం. పిక్సెళ్లు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే, 3×3 కిటికీకి పై రెండు వరుసలు గుర్తుంటే చాలు. అంటే 3,840 బైట్లు. మొత్తం బొమ్మ 20 లక్షల బైట్లు దాటుతుంది, దాన్ని చిప్‌లో దాచాల్సిన పనే లేదు. ఈ రెండు వరుసల లైన్ బఫర్ మీ చేత్తో ఒకసారి రాస్తే, ఆ తర్వాత కన్వల్యూషన్ అన్న మాట ఎక్కడ విన్నా మీకు సర్క్యూట్ కళ్లముందు కనిపిస్తుంది.

పైపులైన్ ప్రాగ్మా పెట్టా. అయినా ఒక పిక్సెల్‌కి ఐదు క్లాకులు పడుతోంది.

ప్రాగ్మా అంటే కోడ్ మధ్యలో హెచ్ఎల్ఎస్‌కి ఇచ్చే సూచన. మీ తొమ్మిది పిక్సెళ్లూ ఒకే అర్రేలో ఉండి, అది బ్లాక్ ర్యామ్‌లోకి వెళ్లి ఉంటుంది. బ్లాక్ ర్యామ్‌కి రెండే పోర్టులు. ఒక క్లాక్‌లో రెండే చదవగలదు, తొమ్మిది చదవాలంటే ఐదు క్లాకులు. కిటికీ అర్రేకి అర్రే పార్టిషన్ ప్రాగ్మా కంప్లీట్ అని పెట్టండి. తొమ్మిదీ విడివిడి రిజిస్టర్లవుతాయి, అన్నీ ఒకేసారి అందుతాయి. రిపోర్ట్‌లో ఇంటర్వల్ 1 కనిపించేదాకా ముందుకెళ్లకండి.

బిట్ ఫైల్ బోర్డ్‌లో పెట్టా. ఓవర్‌లే లోడ్ చేస్తుంటే ఎర్రర్.

ఓవర్‌లే అంటే పైథాన్ నుంచి ఎఫ్‌పీజీఏలోకి లోడ్ చేసే మీ డిజైన్. దానికి పింక్‌కి రెండు ఫైళ్లు కావాలి: డాట్ బిట్, డాట్ హెచ్‌డబ్ల్యూహెచ్. రెండోదాంట్లో ఏ ఐపీ (అంటే డిజైన్‌లోని ఒక్కో సర్క్యూట్ బ్లాక్) ఏ అడ్రస్‌లో ఉందో రాసి ఉంటుంది. రెండూ ఒకే ఫోల్డర్‌లో, ఒకే పేరుతో ఉండాలి. వివాడో మాత్రం బిట్ ఫైల్‌ పేరు చివర ర్యాపర్ అని తగిలిస్తుంది, హెచ్‌డబ్ల్యూహెచ్‌కి తగిలించదు. రెండింటి పేర్లూ మీరే మార్చి సమానం చేయండి. హెచ్‌డబ్ల్యూహెచ్ ఎక్కడుందో దొరక్కపోతే ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఆ ఎక్స్‌టెన్షన్ పేరుతో వెతకండి. డిజైన్ మార్చి మళ్లీ బిల్డ్ చేసిన ప్రతిసారీ రెండూ కాపీ చేయాలి, ఒక్కటే మారిస్తే అడ్రసులు తప్పి బోర్డ్ బిగుసుకుపోతుంది.

పవర్ తీస్తే నా డిజైన్ పోతుందా?

పోతుంది. ఈ ఎఫ్‌పీజీఏ తన సర్క్యూట్‌ని ఎస్‌ర్యామ్‌లో దాచుకుంటుంది, కరెంటు పోతే ఖాళీ. మళ్లీ ఓవర్‌లే లోడ్ చేయాలి. ఆన్ చేయగానే దానంతటదే రావాలంటే ఎస్‌డీ కార్డ్ బూట్ పార్టిషన్‌లో బూట్ డాట్ పై అనే ఫైల్‌లో ఆ పైథాన్ వరుసలు రాయండి. డెమో రోజు ఇది చాలా పనికొస్తుంది.

టైమింగ్ ఫెయిల్ అని ఎర్రగా చూపించింది, అయినా బిట్‌స్ట్రీమ్ వచ్చింది. వాడేయనా?

వాడకండి. వివాడో ఆపదు, హెచ్చరిస్తుంది అంతే. అలాంటి డిజైన్ పొద్దున పనిచేసి మధ్యాహ్నం చిప్ వేడెక్కాక తప్పు జవాబులిస్తుంది. అలాంటి తప్పు వెతకడం కన్నా కష్టమైంది ఇంకొకటి లేదు. లెక్క ఇలా వేసుకోండి. క్లాక్ 100 మెగాహెర్ట్జ్ అంటే ఒక్కో క్లాక్‌కి 10 నానోసెకన్లు. రిపోర్ట్‌లో డబ్ల్యూఎన్ఎస్ (అన్నిటికన్నా నెమ్మదైన దారికి మిగిలిన సమయం) మైనస్ 1.2 ఉంటే మీ సర్క్యూట్‌కి 11.2 కావాలి, అంటే సుమారు 89 మెగాహెర్ట్జ్. క్లాక్‌ని 83 దగ్గరికి తగ్గించి బిల్డ్ చేస్తే చాలాసార్లు గట్టెక్కుతారు. వేగం తప్పకుండా కావాలంటే పొడవాటి లెక్క మధ్యలో రిజిస్టర్ పెట్టి రెండు క్లాకులుగా విడగొట్టండి.

## డేటా పంపడం, తెచ్చుకోవడం

డీఎమ్ఏ వెయిట్ దగ్గర నోట్‌బుక్ ఆగిపోయింది. ఎంతసేపటికీ కదలట్లేదు.

అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న ఇదే. డీఎమ్ఏ అంటే మెమరీకీ మీ ఐపీకీ మధ్య డేటా మోసే బ్లాక్. కారణం సాధారణంగా రెండింటిలో ఒకటి. మొదటిది, మీ ఐపీ చివరి డేటాతో పాటు టీలాస్ట్ సిగ్నల్ పంపట్లేదు. డీఎమ్ఏకి డేటా అయిపోయిందని చెప్పేది ఆ సిగ్నలే, అది రాకపోతే ఎదురుచూస్తూనే ఉంటుంది. చివరి పిక్సెల్ దగ్గర లాస్ట్ బిట్‌ని 1 చేస్తున్నారో లేదో చూడండి. రెండోది, ఐపీని స్టార్ట్ చేయకపోవడం. హెచ్ఎల్ఎస్ ఐపీకి కంట్రోల్ రిజిస్టర్ ఉంటే, పైథాన్ నుంచి సున్నా అడ్రస్‌లో 1 రాస్తేనే అది పని మొదలుపెడుతుంది. రెండూ సరిగ్గా ఉంటే, డీఎమ్ఏ ఐపీ సెట్టింగ్స్‌లో స్కాటర్ గాదర్ టిక్ తీసేశారో లేదో చూడండి.

చిన్న అర్రే వెళ్తోంది, పెద్ద బొమ్మ పంపితే ఎర్రర్ వస్తోంది.

డీఎమ్ఏ ఐపీలో బఫర్ లెంగ్త్ రిజిస్టర్ వెడల్పు డీఫాల్ట్‌గా 14 బిట్లు. అంటే ఒకసారికి 16,383 బైట్లే. 1920×1080 బొమ్మకి 20,73,600 బైట్లు కావాలి, దానికి కనీసం 21 బిట్లుండాలి. నేరుగా 26 పెట్టేయండి. ఆ తర్వాత మళ్లీ బిల్డ్ చేసి రెండు ఫైళ్లూ కొత్తవి కాపీ చేయాలి.

జవాబులో పాత డేటానే కనిపిస్తోంది. ఎందుకు?

ముందుగా, మామూలు నంపై అర్రే పంపకండి. అది మెమరీలో ముక్కలు ముక్కలుగా ఉండొచ్చు, హార్డ్‌వేర్‌కి ఒకే చోట వరుసగా ఉండాలి. పింక్ ఇచ్చే అలొకేట్‌తో బఫర్ తీసుకోండి. తర్వాత క్యాష్, అంటే ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న మెమరీ సంగతి. ప్రాసెసర్ రాసింది ఇంకా క్యాష్‌లోనే ఉండి, డీడీఆర్‌లో పాతదే ఉండొచ్చు. పింక్ డీఎమ్ఏ డ్రైవర్ వాడుతుంటే అదే చూసుకుంటుంది. మీ ఐపీ నేరుగా మెమరీని చదివేలా చేసుకుంటే మాత్రం, పంపే ముందు ఫ్లష్, తెచ్చుకున్నాక ఇన్‌వాలిడేట్ మీరే పిలవాలి.

## వేగం రాలేదు

ఇంత కష్టపడితే సాఫ్ట్‌వేర్ కన్నా నెమ్మదిగా నడుస్తోంది. తప్పెక్కడ?

తప్పు లెక్కలో కాదు, రవాణాలో ఉంటుంది. 220 డీఎస్‌పీలు 100 మెగాహెర్ట్జ్‌లో అన్నీ పనిచేస్తే సెకనుకి 2,200 కోట్ల గుణకారాలు. అంత తిండి పెట్టాలి కదా! మెమరీ నుంచి ఎఫ్‌పీజీఏకి వెళ్లే ఒక హెచ్‌పీ పోర్ట్ 64 బిట్లది, 100 మెగాహెర్ట్జ్‌లో సెకనుకి 800 ఎంబీ మించదు. డీఎమ్ఏని 8 బిట్ల వెడల్పుతో వదిలేస్తే అందులో ఎనిమిదో వంతే. మన బ్లర్‌నే తీసుకుంటే, క్లాక్‌కి ఒక పిక్సెల్ చొప్పున ఒక బొమ్మకి దాదాపు 21 మిల్లీసెకన్లు. క్లాక్‌కి ఎనిమిది పిక్సెళ్లు తీసుకునేలా మారిస్తే 2.6.

ఇంకో సంగతి, ప్రతి ట్రాన్స్‌ఫర్ మొదలుపెట్టడానికి పైథాన్‌కి కొంత సమయం పడుతుంది. వంద అంకెల కోసం డీఎమ్ఏ పిలిస్తే ఆ మొదలుపెట్టే సమయమే అసలు పనిని మింగేస్తుంది. పెద్ద ముక్కలుగా పంపండి. ఒక దశ అయ్యాక ఫలితం డీడీఆర్‌కి తెచ్చి, మళ్లీ రెండో దశకి పంపడం మానండి. రెండు ఐపీలనీ లోపలే స్ట్రీమ్‌తో కలిపేయండి.

రిపోర్ట్‌లో ఎన్ని రెట్లు వేగం అని రాయాలి?

పైథాన్ ఫర్ లూప్‌తో పోల్చి వందల రెట్లు అని రాయకండి. ఆ లూప్‌ని ఎవరూ నిజంగా వాడరు. అదే బోర్డ్ ఆర్మ్ మీద ఓపెన్‌సీవీ లేదా నంపైతో పోల్చండి. హార్డ్‌వేర్ సమయంలో డేటా పంపి తెచ్చుకున్న సమయం కూడా కలపండి. బఫర్‌లోకి కాపీ చేసిన సమయాన్ని విడిగా చూపండి. నాలుగు రెట్లు అని నిజాయితీగా రాసి, ఎందుకో వివరించిన రిపోర్ట్‌ని చదివేవాళ్లు గౌరవిస్తారు.

దీని మీద న్యూరల్ నెట్‌వర్క్ నడుస్తుందా?

చిన్నది నడుస్తుంది. లెక్క వేసుకోండి: 10 లక్షల వెయిట్‌లు 8 బిట్లలో ఉంటే 1,000 కేబీ, చిప్‌లోని 630 కేబీ బ్లాక్ ర్యామ్‌లో పట్టవు. 4 బిట్లకి తగ్గిస్తే 500 కేబీ, ఇరుకుగా పడతాయి. 1 బిట్‌కి తగ్గిస్తే 125 కేబీ, హాయిగా పడతాయి. అందుకే జైలింక్స్ పరిశోధకులు తెచ్చిన ఫిన్ అనే టూల్ తక్కువ బిట్ల నెట్‌వర్క్‌ల మీదే నడుస్తుంది, జడ్2కి అది బాగా సరిపోతుంది. హెచ్ఎల్ఎస్4ఎమ్ఎల్ అనేది ఇంకోటి, కణ భౌతిక శాస్త్ర ప్రయోగాల్లో క్షణాల్లో నిర్ణయాలు తీసుకోవడానికి పుట్టింది, చిన్న నెట్‌వర్క్‌లకి చాలా బాగుంటుంది. యూట్యూబ్‌లో చూపించే డీపీయూ (న్యూరల్ నెట్‌వర్క్‌లు నడిపే రెడీమేడ్ ఐపీ) మాత్రం పింక్‌లో అల్ట్రాస్కేల్ ప్లస్ బోర్డ్‌ల కోసం, జడ్2లో దాని కోసం వెతకకండి.

చాట్‌బాట్ లాంటి పెద్ద భాషా మోడల్?

512 ఎంబీ మెమరీలో కుదరదు. మీ గైడ్ అదే టాపిక్ ఇచ్చి ఉంటే, ఆ మోడల్‌లోని ఒక్క ముక్కని, ఉదాహరణకి తక్కువ బిట్ల మాట్రిక్స్ గుణకారాన్ని మాత్రమే ఈ బోర్డ్ మీద చేస్తానని అడగండి. 16×16 సిస్టోలిక్ అర్రేకి, అంటే గుణకార బ్లాకులని గళ్లుగా పేర్చిన సర్క్యూట్‌కి, 256 గుణకార బ్లాకులు కావాలి, 220 డీఎస్‌పీల్లో పట్టదు. 14×14 అయితే 196, పడుతుంది. ఈ అంకెలతో వెళ్లి మాట్లాడండి, చాలామంది ఒప్పుకుంటారు.